తిప్పి చూస్తే తెలుస్తుంది

మా ఇంట్లో టార్చిలైటు ఎప్పుడూ పెట్టిన చోటే ఉంటుంది. అందులో సెల్లులే ఉండవు. టీవీ రిమోట్‌లోకో, గోడ గడియారంలోకో వెళ్ళిపోయి ఉంటాయి. కరెంటు పోయిన రాత్రి దాన్ని నొక్కి, అరచేతిలో నాలుగు దెబ్బలు కొట్టి, మళ్ళీ నొక్కి, ఆఖరికి ఫోను వెలుగులో కొవ్వొత్తి వెతుక్కుంటాం.

మల్టీమీటరు గతీ అంతే అయింది. ఒక ఆదివారం పొద్దున ఇస్త్రీ పెట్టె వేడెక్కలేదు. వైరు తెగిందా, లోపల కాయిలు పోయిందా చూద్దామని అటక మీంచి మీటరు దించాను. తెర మీద ఒక్క అంకె రాలేదు. వెనక మూత విప్పితే 9 వోల్టుల బ్యాటరీ మూతి చుట్టూ తెల్లటి పొర పేరుకుని ఉంది. మూడు నెలల కిందట వాడి, నాబ్‌ని ఆఫ్ వైపు తిప్పకుండానే పైన పెట్టేశాను. తప్పు నాదే, మీటరుది కాదు. కానీ ఏడాదికి నాలుగుసార్లు అక్కరపడే వస్తువు, ఆ నాలుగుసార్లూ చేతులెత్తేస్తే ఏం లాభం?

ఈ పుస్తకంలో ఇప్పటిదాకా ఆత్మవిశ్వాసం గురించి చాలా మాట్లాడుకున్నాం. మాటలు చాలు. ఈ అధ్యాయంలో స్క్రూడ్రైవరు పట్టుకుందాం. ఆ ఆదివారం నేను మొదలుపెట్టి, తర్వాత రెండు మూడుసార్లు మార్చుకుంటూ వచ్చిన చిన్న డబ్బా ఒకటి ఎలా చేయాలో చెబుతాను. బ్యాటరీ అక్కర్లేని కంటిన్యుటీ టెస్టరు అది. చేత్తో చక్రం తిప్పితే దానికి కావలసిన కరెంటు అక్కడికక్కడే పుడుతుంది.

రెండు మూడొందలు పడేస్తే మీటరే వస్తుంది కదా, ఇదంతా ఎందుకంటారా? కొనుక్కోండి. నేనూ కొత్తది కొన్నాను. కానీ కొన్న పరికరం ఏమేం చెబుతుందో దాని అట్టపెట్టె మీద రాసి ఉంటుంది, ఏం చెప్పలేదో రాసి ఉండదు. మన చేత్తో చేసినదైతే ఆ రెండో సంగతే ముందు తెలుస్తుంది. ఎంతవరకు నమ్మాలో తెలిసిన పరికరం ఒక్కటి చేతిలో ఉన్నా, ఆగిపోయిన వస్తువు ముందు కూర్చున్నప్పుడు చేయి వణకదు.

దారి ఉందా?

మన ఇళ్ళలో టెస్టరు అనగానే గుర్తొచ్చేది వేరే వస్తువు. స్క్రూడ్రైవరు రూపంలో ఉండి, ప్లగ్గు రంధ్రంలో పెడితే నారింజ రంగులో వెలిగే నియాన్ టెస్టరు. దానికీ బ్యాటరీ లేదు. లోపల ఒక పెద్ద రెసిస్టరు, చిన్న నియాన్ దీపం ఉంటాయి. టోపీ మీద వేలు పెట్టినప్పుడు లైన్లోంచి మనకు తెలియనంత కరెంటు మన ఒంటి గుండా పారి ఆ దీపాన్ని వెలిగిస్తుంది. అది అడిగే ప్రశ్న ఒక్కటే: ఇక్కడ కరెంటు ఉందా?

మనం చేయబోయేది ఇంకో ప్రశ్న అడుగుతుంది. ఈ కొస నుంచి ఆ కొసకు దారి ఉందా? ఎలక్ట్రీషియన్లు "కంటిన్యుటీ ఉందా?" అనేది దీన్నే. కాలువకు నీళ్ళు వదిలేముందు పూడిక ఎక్కడుందో గట్టు వెంట నడిచి చూసుకున్నట్టు, కరెంటు పూర్తిగా తీసేశాక అడగాల్సిన ప్రశ్న ఇది. ఈ తేడా మరిచిపోయి, కరెంటు పారుతున్న లైనుకు మన డబ్బా తగిలిస్తే దీపం మాడుతుంది, మోటారు మాడుతుంది. వాటితో పాటు చక్రం తిప్పుతున్న చేయి ఎవరిదో చెప్పక్కర్లేదు.

కాబట్టి ఏ వస్తువునైనా ముందు ప్లగ్గు పీకి బయట పెట్టాలి. స్విచ్ ఆఫ్ చేశాను కదా అంటే కుదరదు, ప్లగ్గు మీ కంటి ముందు నేల మీద కనబడాలి. గోడలోని వైరింగ్ చూడాల్సి వస్తే మెయిన్ ఆఫ్ చేయాలి, ఆ తర్వాత ఇన్వర్టర్ కూడా ఆఫ్ చేయాలి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో మెయిన్ దించేశాక కూడా కొన్ని లైన్లు బతికే ఉంటాయి. ఈ సంగతి తెలియక ఫ్యాను పాయింటు విప్పినవాళ్ళు స్టూలు మీంచి పడ్డారు. అంతా ఆపేశాక నియాన్ టెస్టరుతో చూడండి. చూసే పద్ధతి ఇదీ: వీధిలైనుతో సంబంధం ఉన్న, కరెంటు తప్పకుండా ఉన్న ఒక సాకెట్‌లో ముందు పెట్టి అది వెలుగుతోందని చూసుకోవాలి. ఆపేసిన లైనులో పెట్టాలి. మళ్ళీ మొదటి సాకెట్‌లో పెట్టాలి. మెయిన్ మొత్తం దించాక అలాంటి సాకెట్ ఇంట్లో దొరకదు, పక్కింట్లో చూసి రావాల్సి వస్తుంది. బద్ధకం అనిపిస్తే గోడ జోలికి పోకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఈ డబ్బాకు ప్లగ్గు పీకి బల్ల మీద పెట్టిన వస్తువులే సరైన పని.

బ్యాటరీ మోటారుతో బ్యాటరీ లేని పని

హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్ళి "బీఓ మోటారు" అని అడిగితే పసుపుపచ్చ ప్లాస్టిక్ డబ్బా ఒకటి చేతిలో పెడతారు. ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టు బొమ్మ కార్లకు చక్రాలు బిగించేది దీనికే. మీ ఊళ్ళో ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే కొట్టు ఉంటే అక్కడా దొరుకుతుంది. బీఓ అంటే బ్యాటరీ ఆపరేటెడ్. పేరులోనే బ్యాటరీ ఉన్న దానితో బ్యాటరీ లేని పరికరం చేస్తున్నామన్న సరదా నాకు ఇప్పటికీ తీరలేదు.

అయస్కాంతం దగ్గర తీగ చుట్టను కదిలిస్తే ఆ తీగలో కరెంటు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. మరుసటి ఏడే పారిస్‌లో హిప్పొలైట్ పిక్సీ అనే పనిముట్ల తయారీదారు చేతిపిడితో తిప్పే యంత్రం ఒకటి చేశాడు. కరెంటు ఇస్తే తిరిగే బొమ్మ మోటారు, తిప్పితే కరెంటు ఇస్తుంది. లోపల ఉన్నవి అవే అయస్కాంతాలు, అవే తీగ చుట్టలు.

మా తరం వాళ్ళకు ఇది పాఠంలో చదవక ముందే కాళ్ళకు తెలుసు. సైకిలు వెనక టైరుకు డైనమో ఆనించి చీకట్లో తొక్కితే ముందు దీపం వెలిగేది, తొక్కుడు బరువెక్కేది. డైనమో పక్కకు తీసేస్తే దీపం ఆరేది, సైకిలు తేలికయ్యేది. ఆ బరువును గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో దానితో పనుంది.

ఒట్టి మోటారు ఇరుసును వేళ్ళతో తిప్పితే చాలినంత వేగం రాదు. బీఓ మోటారులో గేర్లు ఉండటం అందుకే కలిసొచ్చింది. 1:48 గేరు ఉన్నది తీసుకోండి. అంటే బయట చక్రం ఒక్క చుట్టు తిరిగితే లోపలి మోటారు 48 చుట్లు తిరుగుతుంది. సెకనుకు రెండు చుట్లు తిప్పారంటే లోపల దాదాపు వంద చుట్లు. అప్పుడు 3 వోల్టుల పైచిలుకు పుడుతుంది. ఎర్ర ఎల్‌ఈడీ వెలగడానికి 2 వోల్టుల లోపే చాలు. తెల్ల ఎల్‌ఈడీకి 3 వోల్టుల దాకా కావాలి, కాబట్టి ఈ పనికి అది వద్దు.

మోటారుతో పాటు అమ్మే చక్రం కూడా తెచ్చుకోండి. దాని అంచు దగ్గర రంధ్రం చేసి ఒక పొడుగు స్క్రూ, దానికి పాత పెన్ను గొట్టం ముక్క తొడిగితే తిప్పడానికి పిడి తయారవుతుంది. ఒక ఎర్ర ఎల్‌ఈడీ, ఒక పసుపు ఎల్‌ఈడీ, 100 ఓముల రెసిస్టరు ఒకటి కావాలి. రెసిస్టరు మీద చారలు గోధుమ, నలుపు, గోధుమ రంగుల్లో ఉంటాయి. ఇక మూడు క్రోకోడైల్ క్లిప్పులు, మూరెడు మూరెడు వైరు ముక్కలు మూడు. క్లిప్పులు ఎరుపు, నలుపు, నీలం రంగుల్లో దొరికితే మంచిది, దొరక్కపోతే రంగు టేపు చుట్టండి. ఇవన్నీ పట్టడానికి నేను ప్రయాణాల్లో వాడే సబ్బు పెట్టె తీసుకున్నాను.

ఎల్‌ఈడీకి రెండు కాళ్ళుంటాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొడుగు కాలు వైపు నుంచి పొట్టి కాలు వైపుకే కరెంటు పోనిస్తుంది, తిరగేస్తే పోనివ్వదు. రెండు ఎల్‌ఈడీలనూ పక్కపక్కన పెట్టి, ఎర్రదాని పొడుగు కాలును పసుపుదాని పొట్టి కాలితోనూ, ఎర్రదాని పొట్టి కాలును పసుపుదాని పొడుగు కాలితోనూ కలిపి టంకం పెట్టండి. ఇక చక్రం కుడికి తిప్పితే ఒకటి, ఎడమకు తిప్పితే రెండోది వెలుగుతుంది.

మోటారు ఒక టెర్మినల్ నుంచి రెసిస్టరు, రెసిస్టరు నుంచి ఆ ఎల్‌ఈడీల జంట, జంట అవతలి కొస నుంచి ఎర్ర క్లిప్పు. మోటారు రెండో టెర్మినల్ నుంచి నేరుగా నల్ల క్లిప్పు. అంతే, టెస్టరు అయిపోయింది. నీలం క్లిప్పును మాత్రం మొదటి టెర్మినల్‌కే, రెసిస్టరూ దీపాలూ తగలకుండా నేరుగా కలపండి. అదెందుకో కింద చెబుతాను. ఆ టెర్మినళ్ళ గురించి కూడా ఒక మాట చెప్పాల్సి ఉంది, చివర్లో చెబుతాను.

ముందు తనను తాను

డబ్బా తయారైన రోజు జరిగింది చెప్పాలి. అప్పుడు చేసింది ఒక పాడైన బొమ్మ కారులోంచి పీకిన మోటారుతో. ఇస్త్రీ పెట్టె ప్లగ్గులో పక్కపక్కనున్న రెండు పిన్నులకు క్లిప్పులు తగిలించి తిప్పాను. వెలగలేదు. ఇంకా గట్టిగా తిప్పాను. వెలగలేదు. "కాయిలు పోయింది, కొత్తది వేయించాలి" అని వంటింట్లోకి వినబడేలా తీర్పు చెప్పేశాను. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, పెట్టె వైపు ఒక చూపు చూసి, పైనున్న నాబ్‌ని ఆఫ్ నుంచి కాటన్ వైపుకు తిప్పింది. నేను మళ్ళీ చక్రం తిప్పాను. దీపం వెలిగింది.

నాబ్ ఆఫ్‌లో ఉంటే లోపల థర్మోస్టాట్ దారిని తెంచేసి ఉంచుతుంది. ఉన్నదున్నట్టే చెప్పింది డబ్బా. దారి లేదంది, నిజంగానే లేదు. కాయిలు పోయిందన్నది నేను.

ఆ రోజు నుంచి నాకో అలవాటు. దేనికి తగిలించే ముందైనా ఎర్ర క్లిప్పునూ నల్ల క్లిప్పునూ ఒకదానితో ఒకటి కరిపించి తిప్పుతాను. వెలగాలి. విడదీసి తిప్పుతాను. ఆరిపోవాలి. ఈ రెండూ జరిగితేనే డబ్బా బాగున్నట్టు. పరీక్ష అయ్యాక మళ్ళీ ఒకసారి కరిపించి చూస్తాను, ఎందుకంటే మధ్యలో మన క్లిప్పు వైరే తెగి ఉండొచ్చు. చెప్పుకోవడానికి ఇంత చిన్న సంగతి. కానీ వెలగని దీపం చూడగానే మన వేలు ఎదుటి వస్తువు వైపే పోతుంది, చేతిలో ఉన్నదాని వైపు పోదు. వస్తువుల విషయంలోనే కాదు, లెక్కల పుస్తకం తేడా వచ్చినప్పుడు, పిల్లవాడి మార్కులు తగ్గినప్పుడు కూడా ఇదే చేస్తాం. కొలిచే కర్ర సరిగ్గా ఉందో లేదో చూడం.

ఇంతకీ ఇస్త్రీ పెట్టె సంగతి. నాబ్ తిప్పాక దీపం వెలిగింది కదా, మరి పెట్టె ఎందుకు వేడెక్కలేదు? క్లిప్పులు అలాగే ఉంచి, కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో వైరును జానెడు జానెడుగా వంచుతూ పోయాను. ప్లగ్గు మెడ దగ్గరకు వచ్చేసరికి దీపం గుప్పున ఆరింది. వంపు వదిలితే వెలిగింది. పైన రబ్బరు తొడుగు నున్నగా ఉంది, లోపల రాగి పోగులు తెగి, కొసలు అంటీముట్టనట్టు ఉన్నాయి. తీగలు ఎక్కువగా తెగేది ఇలాంటి చోటే, ప్లగ్గు మెడ దగ్గరో, వస్తువులోకి వైరు దూరే చోటో. ఆ రెండు చోట్లే రోజూ వంగుతాయి. ఇలా చూడాలంటే ఒక చేయి ఖాళీగా ఉండాలి కాబట్టే ఒట్టి వైరు కొసలు కాకుండా క్లిప్పులు పెట్టమన్నాను. జానెడు వైరు కోసి పారేసి కొత్త త్రీపిన్ ప్లగ్గు బిగించాను.

కన్ను చెప్పేది, చేయి చెప్పేది

వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె కాయిలు నిరోధం ఎంతో తెలుసుకోవడానికి మీటరు అక్కర్లేదు. 230ని 230తో గుణించి 1000తో భాగిస్తే 53 ఓములు. 2000 వాట్ల గీజరుదైతే 26. ఇప్పుడు మన డబ్బా లెక్క చూడండి. క్లిప్పులు రెండూ కరిపించినప్పుడు ఎల్‌ఈడీలో పారేది సుమారు 13 మిల్లీ ఆంపియర్లు. మధ్యలో 53 ఓముల కాయిలు వస్తే సుమారు 8. కంటికి ఆ తేడా తెలియదు. మధ్యలో వెయ్యి ఓములున్నా ఒక మిల్లీ ఆంపియరు పారి, నీడలో చూస్తే ఎల్‌ఈడీ మిణుకుమంటుంది.

అంటే ఎర్ర క్లిప్పు దీపం చెప్పేది "ఏదో ఒక దారి ఉంది" అని. అది రాజబాటో కాలిబాటో చెప్పదు. కాయిలు తెగిందా లేదా చూడటానికి అది చాలు. కాయిలు రెండు కొసలూ ఎక్కడైనా తగిలి షార్టయ్యాయా అంటే చాలదు, షార్టయినా అలాగే వెలుగుతుంది.

ఇక్కడ పనికొచ్చేది నీలం క్లిప్పు, సైకిలు డైనమో బరువు. నీలం, నల్ల క్లిప్పులు విడిగా ఉంచి చక్రం తిప్పండి, తేలిగ్గా గిర్రున తిరుగుతుంది. రెండూ కరిపించి తిప్పండి. ఎవరో అవతలి నుంచి పట్టుకుని ఆపుతున్నట్టు, చిక్కటి బెల్లం పాకంలో గరిటె తిప్పుతున్నట్టు ఉంటుంది. పుట్టిన కరెంటు అంతా అడ్డులేకుండా పారి, మోటారులో ఎదురు తిరిగి మన చేతినే ఆపుతోంది. ఇప్పుడు వాటి మధ్య ఇస్త్రీ పెట్టె కాయిలు పెట్టండి. చక్రం మళ్ళీ తేలికే. 53 ఓముల గుండా పారే కరెంటు చేతికి తగిలేంత లేదు. కొన్ని ఓముల లోపు దారి అయితేనే చేతికి బరువు తెలుస్తుంది. కంటికి ఒకలాగే కనబడిన రెండు సంగతులను చేయి విడదీసి చెబుతుంది. అంకెలు చూపే మీటరు ఇంతకంటే నూరు రెట్లు కచ్చితంగా చెబుతుంది, ఒప్పుకుంటాను. ఒప్పుకుంటూనే ఈ డబ్బా చూపించిన ప్రతి ఒక్కరి చేతా ముందు నీలం క్లిప్పే పట్టిస్తాను.

ఈ చేతి పరీక్షకు అన్నిటికంటే మంచి పని త్రీపిన్ వస్తువుల ఎర్త్. ప్లగ్గులో పొడుగ్గా లావుగా ఉన్న పిన్ను ఎర్త్‌ది. దానికి నీలం క్లిప్పు, ఇస్త్రీ పెట్టె అడుగున మెరిసే లోహానికి నల్ల క్లిప్పు పెట్టి తిప్పండి. బరువుగా తిరగాలి. తేలిగ్గా తిరిగితే ఎర్త్ వైరు ఎక్కడో ఊడిపోయింది. పెట్టె వేడెక్కుతూనే ఉంటుంది, బట్టలు ఇస్త్రీ అవుతూనే ఉంటాయి, కరెంటు పెట్టెకు తగిలే రోజుదాకా ఎవరికీ ఏమీ తెలియదు. తర్వాత ఎర్ర క్లిప్పును మిగిలిన రెండు పిన్నులకూ ఒక్కొక్కదానికి మార్చి, నాబ్ ఆన్‌లో ఉంచి, నల్ల క్లిప్పు లోహం మీదే ఉంచి తిప్పండి. చీకటిగా ఉండాలి. కుడికి తిప్పినా, ఎడమకు తిప్పినా.

వెలిగిందంటే ఆ పెట్టెను మళ్ళీ ప్లగ్గులో పెట్టొద్దు. అయితే వెలగనంత మాత్రాన ఇన్సులేషన్ భేషుగ్గా ఉందని కాదు. ఇక్కడే ఈ డబ్బా హద్దు. 3 వోల్టులు దూకలేని సందును 230 వోల్టులు దూకొచ్చు. చెమ్మ పట్టిన గీజరు కాయిలు మన డబ్బాకు బుద్ధిగా కనబడి, లైనులో పెట్టగానే నీళ్ళలోకి కరెంటు వదలొచ్చు. దానికి వేరే యంత్రముంది, మెగ్గర్. లండన్‌లో ఎవర్‌షెడ్ అండ్ విగ్నోల్స్ కంపెనీ ఆ పేరును 1903లో నమోదు చేసుకుంది. ఇప్పుడు అలాంటి యంత్రాలన్నిటినీ మన లైన్‌మెన్ మెగ్గరే అంటారు. చేతిపిడి తిప్పితే 500 వోల్టులు పుట్టించి ఇన్సులేషన్‌ను నిలదీస్తుంది. కాలిపోయిన వ్యవసాయ మోటారును కొత్తగా చుట్టించి తెచ్చుకునేటప్పుడు "మెగ్గర్ పెట్టి చూశారా?" అని అడిగే రైతు సరైన ప్రశ్న అడుగుతున్నాడు. మన సబ్బు పెట్టె దానికి చిన్న తమ్ముడు. చేతిపిడి ఒకటే, బలం వేరు.

ఒక చిన్న హెచ్చరిక. ట్రాన్స్‌ఫార్మరు, చోకు, ఫ్యాను వైండింగ్ లాంటి పెద్ద తీగ చుట్టలు చూసేటప్పుడు క్లిప్పుల లోహాన్ని వేళ్ళతో తాకకండి. దారి తెగిన క్షణంలో చుట్ట చురుక్కున ఎగదన్నుతుంది. ప్రాణం మీదికి రాదు గానీ ఉలికిపడి చేతిలోది జారవిడుస్తారు. ఫ్యాను కండెన్సరు ఉంటే దాన్ని విడదీయండి.

బాబాయి సీరీస్ బోర్డు

బ్యాటరీ లేకుండా కంటిన్యుటీ చూసే పాత పద్ధతి ఒకటుంది, దాన్ని దాటేసి పోతే మెకానిక్కులు నవ్వుతారు. మా బాబాయి వైండింగ్ పనిచేసేవాడు. ఆయన బల్ల మీద ఒక చెక్క పలక, దాని మీద 100 వాట్ల బల్బు, రెండు పొడుగు వైర్లు ఉండేవి. సీరీస్ బోర్డు. వైర్ల కొసలు మోటారు చుట్టకు ఆనించి, "నిండుగా వెలిగితే షార్టు, ఎర్రగా మగ్గితే చుట్ట బాగున్నట్టు, అసలు వెలగకపోతే తెగినట్టు" అనేవాడు. నా డబ్బా రెండు క్లిప్పులతో చెప్పేది ఆయన బల్బు ఒక్క చూపులో చెప్పేది.

మీరు మాత్రం అది చేయొద్దు. ఆ కొసల్లో ఉన్నది ఇంటి కరెంటే. మధ్యలో బల్బు ఉంది కదా, షాక్ తగ్గుతుందిలే అని చాలామంది అనుకుంటారు. వెలగని 100 వాట్ల బల్బు తీగ చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం 40 ఓముల చుట్టుపక్కలే. మనిషి ఒంటిది వెయ్యి, అంతకు పైన. రెండూ ఒకే దారిలో ఉన్నప్పుడు 230 వోల్టుల్లో దాదాపు అంతా ఒంటి మీదే పడుతుంది, బల్బు చూస్తూ ఉంటుంది. బాబాయి ఎడమచేయి ఎప్పుడూ జేబులోనో వీపు వెనకో ఉండేది. చిన్నప్పుడు అది ఆయన దర్జా అనుకునేవాణ్ణి.

నలభై బల్బులు, ఆరు గుచ్చులు

నాకు ఈ డబ్బా మీద మోజు స్థిరపడింది ఒక వినాయక చవితి ముందు రోజు. మా వీధి పందిరికి కట్టడానికి పాత సీరియల్ సెట్టు ఒకటి బయటికి తీశారు. ఎల్‌ఈడీలు రాకముందు రోజుల్లోది, తీగ బల్బులది. ఒకదాని వెనక ఒకటిగా నలభై బల్బులు, అందులో ఏ ఒక్కటి పోయినా మొత్తం చీకటే. కుర్రాళ్ళు ఒక్కొక్క బల్బునే పీకి కొత్తది పెట్టి చూడటం మొదలుపెట్టారు. పన్నెండో బల్బు దగ్గరికి వచ్చేసరికి సగంమంది టీకి వెళ్ళిపోయారు.

సెట్టును ప్లగ్గు నుంచి తీసి అరుగు మీద పరిచాం. ఒక కొసకు నల్ల క్లిప్పు. ఎర్ర క్లిప్పుకు గుండుసూది కరిపించి, ఇరవయ్యో బల్బు తర్వాత వైరులో గుచ్చి తిప్పాను. వెలిగింది. అంటే మొదటి ఇరవై బాగున్నాయి, తప్పు రెండో సగంలో ఉంది. ముప్ఫయ్యో బల్బు తర్వాత గుచ్చితే ఆరింది. ఇరవయ్యయిదు తర్వాత వెలిగింది. ఇరవయ్యేడు తర్వాత వెలిగింది. ఇరవయ్యెనిమిది తర్వాత ఆరింది. అయిదు గుచ్చులకే దొరికింది, పోయింది ఇరవయ్యెనిమిదో బల్బు. ప్రతిసారీ సగానికి సగం కొట్టేస్తూ పోతే నలభైలో ఒకటి పట్టుకోవడానికి ఆరు పరీక్షలు దాటవు. అరవై నాలుగింటికీ ఆరే. వరసగా పోతే అదృష్టం బాగోనప్పుడు నలభయ్యో దాకా పోవాలి.

పోయినవి రెండు బల్బులైతే? మొదటిది మార్చాక మళ్ళీ మొదటి నుంచి సగం చేసుకుంటూ రావాలి, ఇంకో ఆరు. గుచ్చిన చోట్ల టేపు చుట్టడం మాత్రం మరిచిపోకూడదు. పందిరి కింద తడి ఉంటుంది, పిల్లలు ఉంటారు. ఇప్పటి ఎల్‌ఈడీ సెట్లకు ఈ పద్ధతి పనిచేయదు. వరసగా ఉన్న అన్ని ఎల్‌ఈడీలను దాటడానికి మన 3 వోల్టులు చాలవు. ఒక్కొక్క ఎల్‌ఈడీని విడిగా చూడొచ్చు. ఎర్ర, నల్ల క్లిప్పులతో అయితే అదీ మన దీపమూ రెండూ వెలగాలంటే ఇంకాస్త వేగంగా తిప్పాలి. నీలం క్లిప్పుతో అయితే నేరుగా వెలుగుతుంది, కానీ రెసిస్టరు అడ్డు లేదు కాబట్టి మెల్లగా తిప్పాలి.

మామూలు డయోడునైతే రెండు దీపాలూ పట్టేస్తాయి. కుడికి తిప్పితే ఎరుపు వెలిగి, ఎడమకు తిప్పితే పసుపు వెలగకపోతే డయోడు బాగున్నట్టు. రెండూ వెలిగితే షార్టయింది. ఏదీ వెలగకపోతే తెగింది.

రెండు చేతులూ కావాలంటే

తిప్పుతూ పరీక్షించడం కొందరికి విసుగు. వాళ్ళ కోసం ఒక మార్పు. సూపర్ కెపాసిటర్ అని నాణెం ఆకారంలో దొరుకుతుంది, 5.5 వోల్టులు, 0.1 ఫారడ్‌ది ఒకటి తీసుకోండి. మోటారు నుంచి ఒక డయోడు గుండా దీనికి కలపండి. డయోడు లేకపోతే నింపిన కరెంటు వెనక్కి మోటారులోకే జారిపోతుంది. ఎర్ర క్లిప్పు దారిలో 100 ఓములకు బదులు 1000 ఓముల రెసిస్టరు పెట్టండి. పావు నిమిషం తిప్పి వదిలేస్తే, ఆ తర్వాత ఒక నిమిషం పైగా దీపం క్లిప్పులు కలిసినప్పుడల్లా వెలుగుతుంది. అయితే డయోడు వల్ల ఇక ఒక వైపే తిప్పాలి, రెండు రంగుల సుఖం పోతుంది. నేను ఒకటి అలా చేసి మా చెల్లెలి కొడుక్కి ఇచ్చేశాను. నాకు తిప్పేదే ఇష్టం. ఆరిన దీపం చూసినప్పుడు వస్తువు పోయిందా, కెపాసిటర్ ఖాళీ అయిందా అన్న అనుమానం దానితో ఉండదు.

పని మొత్తం ఒక మధ్యాహ్నం. టంకం కొత్త అయితే ఇంకో గంట. చక్రాన్ని మరీ వేగంగా తిప్పకండి, లోపలివి ప్లాస్టిక్ పళ్ళు.

ఇక ఆ టెర్మినళ్ళ సంగతి. బీఓ మోటారు పక్కన బయటికి పొడుచుకొచ్చే రెండు రాగి రేకులు కాగితమంత పలచన. వైరు నాలుగుసార్లు లాగితే టంకంతో సహా మొదట్లోనే విరిగిపోతాయి, ఆ తర్వాత అతికించడానికి అక్కడ ఏమీ మిగలదు. టంకం పెట్టగానే వాటి మీద హాట్ గ్లూ ముద్దగా వేసి, వైర్లను మోటారు ఒంటికి టేపుతో కట్టేసి, అప్పుడు డబ్బాలో బిగించండి. ఇది నాకు ఎవరూ ముందు చెప్పలేదు. ప్రస్తుతం వాడుతున్నది మూడో మోటారు.